నాలుగేళ్లుగా ఐనాచురలిస్ట్ వాడుతున్నాను, నాకు విలువైన సెట్టింగ్ ఒక్కటే

ఈ యాప్‌లో మొక్కదో, పక్షిదో, పురుగుదో ఫొటో పెడితే దాని పేరు సూచిస్తుంది, మిగతావాళ్లు సరిచేస్తారు, ఆ పేరు ఒప్పుకుంటే 'రీసెర్చ్ గ్రేడ్', అంటే పరిశోధనకు పనికొచ్చేదన్న గుర్తు, వస్తుంది. ఇవి వాడేవాళ్లందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది, ఫొటో తీసిన చోటు మిగతావాళ్లకు ఎంతవరకు కనిపించాలో ఎంచుకునే జియోప్రైవసీ అనే చిన్న వరస గురించి. ఓపెన్, అబ్‌స్క్యూర్డ్, ప్రైవేట్ అని అందులో మూడు ఉంటాయి. మొదటి ఏడాదిన్నర నేను దాన్ని ముట్టుకోలేదు. పైగా ఆదివారాలు మాతో తిరగడానికి కొత్తగా వచ్చినవాళ్లకు "లొకేషన్ కచ్చితంగా పెట్టండి, చోటు తెలియని ఫొటో ఎవరికీ ఉపయోగపడదు" అని గట్టిగా చెప్పేవాణ్ణి.

విజయవాడకు అరగంట దూరంలో వదిలేసిన క్వారీ ఒకటి ఉంది. ఏ ఊరి పక్కనో ఇక్కడ కూడా రాయను. ఒక జనవరి ఉదయం అక్కడ కాకులు, ఏట్రింత పిట్టలు ఒక బండ చుట్టూ గోల పెడుతుంటే ఎందుకా అని చూశాను. గుడ్లగూబ! ఊళ్లో కరెంటు తీగల మీద కూర్చునే చిన్న రకం కాదు. చెవుల దగ్గర కొమ్ముల్లా లేచిన ఈకలు, నారింజ రంగు కళ్లు. ఇండియన్ ఈగల్ ఔల్. ఇది పుల్లలతో గూడు కట్టదు, బండల సందున వట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. ఎదుటి గట్టు మీద నుంచి బైనాక్యులర్‌లో మూడు గుడ్లు లెక్కపెట్టాను. ఆ సంతోషంలో ఇంటికి వెళ్లేదాకా కూడా ఆగలేదు. అక్కడే రాయి మీద కూర్చుని, పిన్ సరిగ్గా ఆ బండ మీదే పడేలా చూసుకుని, పోస్ట్ చేశాను. మా గ్రూపులోనూ లింక్ పెట్టాను.

మూడో వారం వెళ్లేసరికి బండ కింద ఏమీ లేదు. గొర్రెలు కాసే పెద్దాయన చెప్పాడు: "మీలాంటోళ్లే వచ్చారు బాబూ, పెద్ద పెద్ద కెమెరాలు. అది ఎగిరితే ఫొటో బాగుంటదని రాళ్లేశారు. అది లేచిపోయాక కాకులు దిగినయ్."

వాళ్లు నా పిన్ చూసే వచ్చారని రుజువేమీ లేదు. కానీ "మీలాంటోళ్లే" అన్న మాట నాకు చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు.

ఆ తర్వాతే ఆ సెట్టింగ్ గురించి కూర్చుని చదివాను. అబ్‌స్క్యూర్డ్ పెడితే అసలు చోటు బదులు 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చుక్క కనిపిస్తుంది. మన ప్రాంతంలో ఆ గడి ఇంచుమించు 22 కిలోమీటర్ల పొడవు, దాదాపు అంతే వెడల్పు. అందులో ఎన్ని కొండలు, ఎన్ని క్వారీలు! తేదీ కూడా మిగతావాళ్లకు నెల, సంవత్సరం వరకే కనిపిస్తుంది. అయినా రీసెర్చ్ గ్రేడ్‌కు అడ్డేమీ ఉండదు. మనం నమ్మినవాళ్లకు మాత్రం అసలు చోటు చూపించుకునే వీలుంది. ప్రమాదంలో ఉన్నాయని గుర్తించిన జాతుల్లో చాలావాటికి ఈ దాపరికం దానంతటదే వస్తుంది. ఈ గుడ్లగూబ ఆ జాబితాలోది కాదు, ప్రపంచం లెక్కలో దానికి పెద్ద ముప్పు లేదు. క్షుద్రపూజలకు గుడ్లగూబల్ని పట్టుకునే చోట దాన్ని దాచాల్సింది మనమే.

తర్వాతి ఏడాది అదే క్వారీలో ఇంకో బండ కింద మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి అబ్‌స్క్యూర్డ్ చేశాను. మ్యాప్‌లో నా గుడ్లగూబ ఎవరిదో వరి పొలం మధ్యలో తేలింది. మార్చి నెలాఖరుకు రెండు పిల్లలు ఎగరడం నేర్చుకుంటుంటే దూరం నుంచి చూశాను. ఈ యాప్ వల్ల నాకు దక్కిన అతిపెద్ద ఆనందం అదే.

అయితే ఆ బటన్ నొక్కితే సరిపోతుందని అనుకోవద్దు. గుడ్లగూబను దాచి, ఆ గంటలోనే అక్కడే తీసిన సీతాకోకచిలుకను ఓపెన్‌గా పెడితే తెలివైనవాడు రెండూ కలిపి చూసుకుంటాడు. ఇప్పుడు ఆ రోజు తీసినవన్నీ దాస్తున్నాను. ఫొటో వెనకాల సెల్ టవరో, గుడి గోపురమో పడితే ముందు క్రాప్ చేస్తాను.

నేను ఆదివారాలు మాత్రమే తిరిగే ఉద్యోగిని, పురుగుల నుంచి పాముల దాకా ఏది కనిపిస్తే అది ఫొటో తీస్తాను కాబట్టి నాకు ఐనాచురలిస్టే కుదిరింది. పక్షుల లెక్కలే ముఖ్యమైతే వాటికోసమే ఉన్న ఈబర్డ్ యాప్ మీకు ఇంకా నచ్చవచ్చు. లొకేషన్ గురించి ముందు చెప్పిన మాటను పూర్తిగా వదులుకోలేదు. ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగల్ని ఇప్పటికీ ఓపెన్‌గానే పెడతాను, ఆ చోటు గుంటూరు జిల్లాలో అందరికీ తెలిసిందే. కాలవగట్టు మీది లకుముకి పిట్టనూ అంతే. గూడు కనిపించినా, పగలు నిద్రపోయే చోటు కనిపించినా మాత్రం ముందు ఆ వరస దగ్గరికే వెళ్తాను. క్వారీ ఎక్కడో చెప్పమని మొన్న కూడా ఒకాయన మెసేజ్ పెట్టారు. పిల్లల ఫొటోలు పంపాను, దారి చెప్పలేదు.