ఇంట్లో ముక్క మానేసి ఏడేళ్లు దాటింది: ఇంటి వంట, బయట తిండి, మా అనుభవం

మామయ్య 2017లో పోయారు. సంవత్సరికం అయ్యేదాకా నీసు ముట్టనని అత్తమ్మ అనుకున్నారు. ఆమె ఒక్కరికి వేరే వంట ఎందుకని ఇంట్లో అందరం మానేశాం. సంవత్సరికం అయిన మర్నాడు చుట్టాలకు మటన్ వండించాం. అప్పటికి మా పాపకు ఎనిమిదేళ్లు. రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపి, "అమ్మా, నాకు పప్పుచారు పెట్టవా" అంది. మా ఆయన కూడా ఆ రోజు పెద్దగా తినలేదు. కూర్చుని మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయమేమీ లేదు. మళ్లీ మొదలుపెట్టాలని ఎవరికీ అనిపించలేదు, అంతే. ఏడాది అనుకున్నది ఇంతదూరం వచ్చింది.

మాది హనుమకొండ. ఉండేది హైదరాబాద్ నాగోల్‌లో. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ ముక్క లేనిదే ముద్ద దిగని ఇళ్లు. 2014లో కేంద్రం చేసిన సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులేనని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే. అంటే ఏ హోటల్‌కు వెళ్లినా, ఎవరి దావత్‌కు వెళ్లినా, అక్కడి వంట మాలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. ఈ సంగతి ఒంటబట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. మానేయాలనుకునే కుటుంబాలకు పనికొస్తుందని మా అనుభవం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. మొదటి నాలుగైదు నెలలు నేను పెద్ద పొరపాటు చేశాను. ముక్క ఉండే చోట ఏదో ఒకటి పెట్టాలని పనీర్, పుట్టగొడుగులు, మీల్‌మేకర్ మార్చి మార్చి వండాను. ఖర్చు పెరిగింది, పిల్లలకు మొహం మొత్తింది. ఒక ఆదివారం అత్తమ్మే వంటింట్లోకి వచ్చి, "మన చిన్నప్పుడు రోజూ కూర తిన్నామా? పండగకో, చుట్టం వస్తేనో. మిగతా రోజులు ఏం తిన్నామో అది వండు" అన్నారు. మా వైపు పాతవాళ్లు 'కూర' అన్నారంటే మాంసమే.

ఆమె ఆ రోజు చేసిన వంట నాకింకా కళ్లముందే ఉంది. చలికాలం. పచ్చి అనపకాయలు ఒలిచారు. ధనియాలు, ఎండు కొబ్బరి, గసగసాలు, రెండు లవంగాలు, చిన్న చెక్క ముక్క సన్నసెగ మీద వేయించి రోట్లో నూరారు. మటన్‌కు వేసే మసాలాయే అది. ఉల్లిగడ్డ ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి, ఆ తర్వాత గింజలు, చివర్లో ఆ ముద్ద. గిన్నె అంచున నూనె తేలేదాకా ఆమె పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. పక్కన బగారన్నం. ఇల్లంతా ఆదివారం వాసన! మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నారు. ఇన్నాళ్లూ మేం వెలితి పడింది ముక్క కోసం కాదని, ఆ మసాలా కోసం, అందరం కలిసి కూర్చునే ఆ మధ్యాహ్నం కోసం అని అప్పుడు అర్థమైంది.

అప్పటినుంచి మా వంట దారిన పడింది. ఎండాకాలం ముందు చింతచిగురు పప్పు, తర్వాత గంగవాయిలి కూర పప్పు, పుంటికూర, వానల్లో మక్క గారెలు, సాయంత్రం బొబ్బర్ల గుగ్గిళ్లు, వారానికోసారి సర్వపిండి, పెసరట్టు రెండు పూటలా అడిగినా కాదనను. పనీర్ నెలకోసారి వస్తే ఎక్కువ.

ఆరోగ్యం విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. "పప్పు తింటున్నాం కదా, ప్రొటీన్‌కు లోటేముంది" అని నేనూ అనుకున్నాను. మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల మనిషికి 46 గ్రాముల దాకా. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల వరకు ఉంటుంది నిజమే, కానీ పూటకు ఒక మనిషి తినేది ముప్పై నలభై గ్రాముల పప్పే. అంటే ఏడెనిమిది గ్రాములు. మిగతాది అన్నం, రొట్టె, పెరుగు, పల్లీలు, సెనగలు కలిసి పూడ్చాలి. ఈ లెక్క వేసుకున్నాక మా ఇంట్లో పాలు లీటరు నుంచి రెండు లీటర్లయ్యాయి. మీల్‌మేకర్‌ను కూరగా కాకుండా పొడిచేసి రొట్టె పిండిలో కలపడం మొదలుపెట్టాను.

ఇంకో దెబ్బ విటమిన్ బీ12. 2021లో అత్తమ్మకు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. షుగర్ వల్ల అనుకుని నాలుగు నెలలు పట్టించుకోలేదు. చివరికి రక్తపరీక్షలో బీ12 బాగా తక్కువని తేలింది. మొక్కల నుంచి వచ్చే తిండిలో బీ12 ఉండదు. పాలు, పెరుగులో కొంత ఉంటుంది కానీ ఆమె పాలు తాగరు, పల్చటి మజ్జిగే. పైగా షుగర్‌కు చాలా ఏళ్లుగా వాడుతున్న మెట్‌ఫార్మిన్ కూడా దాన్ని తగ్గిస్తుందని డాక్టర్ చెప్పారు. ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. తగ్గింది. కానీ ఆ నాలుగు నెలలు ఆమె రాత్రుళ్లు కాళ్లు రుద్దుకుంటూ కూర్చోవడం తలచుకుంటే నాకిప్పటికీ బాధే. మానేసేవాళ్లు ఏడాదికోసారి బీ12, హిమోగ్లోబిన్ చూపించుకోండి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లుంటే. తిన్న వెంటనే టీ తాగే అలవాటు కూడా మానుకున్నాం, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుందని.

ఇక బయట తిండి. అసలు కష్టం ఇక్కడే.

2019లో ఒక బిర్యానీ హోటల్‌కు వెళ్లాం. "వెజ్ బిర్యానీ ఉందా?" అని అడిగాను. ఉందన్నారు. పాప సగం తిన్నాక అన్నం కింద చిటికెన వేలి గోరంత ఎముక కనిపించింది. పిలిచి అడిగితే వడ్డించే అబ్బాయి మామూలుగానే చెప్పాడు: "అన్నం ఒకటే మేడం, పైన వెజ్ మసాలా వేసి ఇస్తాం." పాప ఏడవలేదు. స్పూన్ పెట్టేసి, వాష్‌బేసిన్ దగ్గరికెళ్లి రెండుసార్లు నోరు పుక్కిలించి వచ్చి, నా పక్కన ఆనుకుని కూర్చుంది. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. ఉందా అని అడిగాను, ఉందన్నాడు. అడగాల్సిన మాట నేను అడగలేదు.

అప్పటినుంచి నా ప్రశ్నలు మారాయి. "వెజ్ బిర్యానీకి అన్నం వేరే దమ్ పెడతారా?" "మంచూరియా, చికెన్ 65 ఒకే నూనెలో వేపుతారా?" "సూప్ మామూలు నీళ్లతోనా, చికెన్ ఉడికిన నీళ్లతోనా?" "నాన్ పిండిలో గుడ్డు కలుపుతారా?" వెళ్లి కూర్చున్నాక అడిగితే రద్దీలో ఎవరికీ ఓపిక ఉండదు. సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేస్తే కౌంటర్‌లో ఉన్నవాళ్లు లోపలికెళ్లి మాస్టర్‌ను అడిగి మరీ చెబుతారు. "నూనె ఒకటే అమ్మా, మీరు రాకండి" అని నిజం చెప్పినవాళ్లున్నారు. వాళ్లంటే నాకు చాలా గౌరవం. రోడ్డు పక్క నూడుల్స్ బండి మాత్రం పూర్తిగా వదిలేశాం. కడాయి, గరిటె అన్నీ ఒకటే.

ప్యాకెట్ తిండికి ఈ టెన్షన్ లేదు. ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రికోణం ఉంటే కాదు. ఇంతకుముందు అది కూడా గుండ్రంగానే ఉండేది. రంగులు సరిగా కనపడనివాళ్లకు ఇబ్బంది అని త్రికోణం చేశారు, మంచి పని. బేకరీలో విడిగా అమ్మేవాటికి మాత్రం అడగాల్సిందే. కేకులు, ఎగ్ పఫ్ పక్కనే పెట్టిన వెజ్ పఫ్, మయోనీజ్. పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాదిపాటు నిషేధించేదాకా, అందులో గుడ్డు ఉంటుందనే మా అబ్బాయి స్నేహితులకు తెలియదు.

ప్యూర్ వెజ్ హోటల్‌కే వెళ్తే సరిపోదా అంటారు. సరిపోతుంది, కానీ నాకొక ఫిర్యాదుంది. ఏసీ ప్యూర్ వెజ్ రెస్టారెంట్లలో మెనూ ఎంత పొడుగున్నా లోపల మూడే గ్రేవీలు: ఎర్రది, తెల్లది, పచ్చది. వాటిలో పనీర్ ముక్కలు. బీరకాయ, దొండకాయ, తోటకూర ఎక్కడా కనపడవు. ఇంత కూరగాయల దేశంలో ఇదేం అన్యాయం! అందుకే మా ఓటు మీల్స్ హోటల్‌కే. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్‌లో అరిటాకు వేసి, పొడులు, నెయ్యి, పప్పు, వేపుడు, పులుసు, గడ్డపెరుగు అలా వడ్డిస్తూనే ఉంటే మా అబ్బాయి, "అమ్మా, ఇక్కడ మనం ఏమీ అడగక్కర్లేదు కదా" అన్నాడు. విజయవాడ వెళ్తే బాబాయ్ హోటల్‌లో వెన్న వేసిన ఇడ్లీ మాకు తప్పనిసరి.

రైల్లో సులువే. వందే భారత్‌లో టికెట్ తీసుకునేటప్పుడే వెజ్ అని పెట్టొచ్చు. 2023లో బ్యాంకాక్ వెళ్లినప్పుడు భయపడ్డాం, అక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు. మా వీధిలో అక్కడికి ముందే వెళ్లొచ్చినవాళ్లు ఒక్క మాట నేర్పారు: "జే". పసుపు జెండా మీద ఎర్రటి అక్షరంతో ఆ మాట రాసున్న కొట్లలో మాంసం, చేపలు, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. ఐదు రోజులు ఆ జెండాలు వెతుక్కుంటూ కడుపునిండా తిన్నాం.

హోటళ్లకంటే చుట్టాల ఇళ్లే కష్టం. "మీరెప్పటినుంచి పంతుళ్లయ్యారు?" అని అడిగినవాళ్లున్నారు. తినేవాళ్లను తక్కువ చేసే మాట మా ఇంట్లో రానివ్వం, పిల్లలకు మొదటిరోజు నుంచీ అదే నేర్పాను. అందరికంటే నొచ్చుకుంది మా అమ్మ. "అల్లుడొస్తే కోడి కోయకుండా ఎట్ల బిడ్డా, ఊళ్లో ఏమనుకుంటరు?" అని ఏడ్చింది. కోడికూర, గారెలు పెట్టడం ఆమెకు ప్రేమ చూపించే పద్ధతి. నేను వద్దని చెప్పి వదిలేస్తే ఆమె చేతులు ఖాళీగా మిగిలిపోతాయి. అందుకని, "గారెలు మాత్రం మానొద్దు, మీ అల్లుడికి పుంటికూర పప్పు, పచ్చిపులుసు నీ చేతివే కావాలట" అని చెప్పాను. ఇప్పుడు మేం వస్తున్నామంటే ఆమె ముందురోజే మినప్పప్పు నానబోస్తుంది. దావత్‌లకు మాత్రం ఒకరోజు ముందు ఫోన్ చేసి, "మాకోసం వేరే ఏం వద్దు, పప్పు, పెరుగు ఉంటే చాలు" అంటాను, వెళ్లాక మొదటి బంతిలోనే కూర్చుంటాం. చివరి బంతికి గరిటెలన్నీ కలిసిపోతాయి.

మా అబ్బాయికి పదకొండేళ్లు. స్నేహితుల పుట్టినరోజులకు వెళ్తే చికెన్ తింటాడు. మొదటిసారి దాచాడు, రెండోసారి చెప్పాడు. ఇంట్లో వండం, బయట వాడి ఇష్టం అని చెప్పేశాం. నాకిది మొదట్లో మింగుడుపడలేదు. కానీ నాకు భయపడి అబద్ధమాడడం కంటే ఇదే నయం.

పాప ఈ జూన్‌లో ఇంటర్‌కు హాస్టల్‌లో చేరింది. వారానికి మూడు రోజులు గుడ్డుకూర, తిననివాళ్లకు అరటిపండు. వెళ్లిన రెండో రోజే మెస్ మాస్టర్‌ను, "అన్నా, సాంబారుకు, గుడ్డుకూరకు గరిటె ఒకటేనా?" అని అడిగిందట. ఆయన కాసేపు ఆలోచించి ఒకటేనని చెప్పి, మర్నాటినుంచి సాంబారు గరిటెకు పచ్చ దారం కట్టి పెడుతున్నారట. నేను పంపిన కరివేపాకు పొడి ఇంకా ఉంది, పల్లీల పొడి మాత్రం రూమ్‌లో అందరూ కలిసి పది రోజుల్లో ఖాళీ చేశారు.