రెప్పలకు వేడి పెట్టే ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి (తిరుపతి)

మా అమ్మకు చాన్నాళ్లుగా కళ్లు మంట, ఇసుక పడినట్టు గరగర. చిత్తూరులో చుక్కల మందులతో తగ్గలేదని తిరుపతిలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపించాం. పేరు రాయను. లైటు వేసి అలా చూసి డ్రై ఐ, అంటే కళ్లు పొడిబారడం అన్నారు. రెప్పల్ని వేడి చేసే అమెరికా మెషిన్ ఉందట, ఈరోజే కడితే డిస్కౌంటట, ఇక జన్మలో చుక్కలు అక్కర్లేదట! మొత్తం ముందే కట్టించుకున్నారు.

సిట్టింగులన్నీ అయ్యాయి, మంట మాత్రం అలాగే ఉంది. అడిగితే ఇంకో ప్యాకేజీ తీసుకోమన్నారు.

వేరే ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిందే వేరు: "అన్నం ముద్ద దిగాలంటే మధ్యమధ్యలో నీళ్లు తాగాలా అమ్మా?" అవునంది అమ్మ. ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. కింది రెప్పలో చిన్న కాగితం పెట్టి 5 నిమిషాలు ఉంచారు. అది సరిగ్గా తడవనే లేదు. రక్త పరీక్షలూ చేసి షోగ్రెన్ అన్నారు, ఒంట్లోని రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద దాడి చేసే జబ్బట. అంటే కన్నీటి గ్రంథే దెబ్బతింది. రెప్పలు ఎంత వేడి చేసినా నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

రెప్పల్ని వేడి చేసే ఈ చికిత్స దొంగ వైద్యమని నేననను. రెప్పల అంచున ఉండే మైబోమియన్ గ్రంథుల్లో, కన్నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడే నూనె గడ్డకట్టి మూసుకుపోయినవాళ్ల కోసం పుట్టింది. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ) అనుమతి పొందిన లిపిఫ్లో అనే మెషిన్, రెప్పను లోపలివైపు నుంచి సుమారు 42.5 డిగ్రీలకు వేడి చేస్తూ, బయట నుంచి 12 నిమిషాలు నొక్కుతుంది. కంటిలో పెట్టే భాగం ఒకరికి వాడితే పారేయాల్సిందే. క్లినిక్ పాంప్లెట్‌లో దాని బొమ్మే ఉంది. మా అమ్మకు పెట్టింది మాత్రం మూసిన కళ్ల మీద కళ్లజోడులాంటి వేడి అద్దాలు. తర్వాత నూనె నొక్కి తీసిందీ లేదు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఇంట్లో కాపడం పెట్టుకుంటే సరిపోయేదానికి అన్ని వేలు!

డబ్బు కట్టే ముందు గ్రంథుల ఫొటో, మైబోగ్రఫీ అంటారు, తీసి చూపించమనండి. పూర్తిగా ఎండిపోయిన గ్రంథులను వేడి మళ్లీ మొలిపించదు. నోరు ఎండటం, కీళ్ల నొప్పులు ఉంటే మీరే చెప్పండి, వాళ్లు అడుగుతారని చూడొద్దు.

ఇప్పటికే కట్టినవాళ్లు బిల్లు, కేసు షీటు కాపీ రాతపూర్వకంగా అడగండి. కేసు షీటులాంటి వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నిబంధనల్లోనే ఉంది. మాకు బిల్లుకు బదులు తెల్ల చీటీ మీద స్టాంపు వేసిచ్చారు, దాంతోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఇంకా జవాబు రాలేదు.