పాత కారుతో పాటు వారంటీ కూడా అంటగడుతున్నారు, జాగ్రత్త

విజయవాడలో, గుంటూరులో పాత కారు కొనబోతున్నవాళ్లు, ముఖ్యంగా "ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి, టెన్షన్ ఉండదు" అనే మాట విని ఆలోచనలో పడినవాళ్లు ఇది చదవండి. నిన్న సాయంత్రం మాకు కారు అమ్మినవాళ్ల ఆఫీసులో జరిగింది తలుచుకుంటే రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం చల్లారిపోతే ఇక రాయలేను, అందుకే ఇవాళే కూర్చున్నాను.

ముందు కథ త్వరగా చెప్పేస్తాను. దసరాకి కొన్నాం. 2018 మోడల్ డీజిల్ కారు, మీటర్ మీద 67 వేల కిలోమీటర్లు, ధర 4,85,000. ఎక్కడ కొన్నానో పేరు రాయడం లేదు, కేసు వేస్తున్నాను కాబట్టి. వారంటీకి 16,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 19,470 విడిగా కట్టించుకున్నారు. ఏడాది లేదా 12 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మాఘమాసంలో మేనమామ కూతురి పెళ్లికి గుంటూరు వెళ్తుంటే, కాజా టోల్ గేటు దాటిన కాసేపటికి పికప్ పడిపోయింది. వెనక నీలం పొగ. పక్కకు తీసి ఆపేశాం. అప్పటికి మేం తిప్పింది 4,300 కిలోమీటర్లే. టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం, పోయింది. క్లెయిమ్ పెట్టాను, ఇరవై రెండు రోజులు తిప్పించుకుని కుదరదన్నారు.

ఇంతవరకు చాలామందికి జరిగేదే. అసలు విషయం వేరే ఉంది.

మా నాన్న ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. కారు చూడటానికి వెళ్లిన రోజు ఆయన్ని కూడా తీసుకెళ్లాను. టెస్ట్ డ్రైవ్‌లో రామవరప్పాడు రింగు దాటి ఎనికేపాడు వైపు కొంచెం స్పీడు పెంచగానే నాన్న అన్నారు, "ఏరా, ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు వస్తోంది. టర్బో సంగతి చూపించుకో" అని. ముందు సీట్లో ఉన్న సేల్స్ అబ్బాయి వెంటనే వెనక్కి తిరిగి, "డీజిల్ బండి కదా బాబాయ్ గారూ, ఆ మాత్రం శబ్దం ఉంటుంది. అయినా వారంటీ ఇస్తున్నాం కదా, టర్బో కూడా అందులోకే వస్తుంది. రేపు ఏమొచ్చినా మాదే పూచీ" అన్నాడు. నాన్న మళ్లీ ఏదో అనబోతే నేనే, "వారంటీ ఉందన్నారు కదా నాన్నా, వదిలేయండి" అన్నాను.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. జీవితమంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషి చెవికి వినపడింది కాదని, పాతికేళ్లు నిండని అబ్బాయి నోటిమాట నమ్మాను. వారంటీ లేకపోయి ఉంటే ఆ ఈల శబ్దం విన్నాక అదే రోజు కారుని ఆటోనగర్‌కు తీసుకెళ్లి చూపించుకునేవాణ్ని. వారంటీ ఉందన్న ధైర్యంతోనే చూపించలేదు. ఇందుకే ఇదంతా రాస్తున్నాను. నాకు వాళ్లు అమ్మింది రక్షణ కాదు, నా అనుమానం నోరు మూయించే కాగితం.

ఆ కాగితం కూడా డబ్బు కట్టేముందు చూపించలేదు. కారు చేతికిచ్చే రోజు పూలదండ వేసి, స్వీట్ బాక్స్ ఇచ్చి, ఫోటో తీసి, ఫైల్లో పెట్టి ఇచ్చారు. పద్నాలుగు పేజీలు, చీమల్లాంటి అక్షరాలు, అంతా ఇంగ్లిష్. సంతకాలు మాత్రం అంతకు ముందే టోకెన్ అడ్వాన్స్ కట్టిన రోజే పెట్టించుకున్నారు. అటునుంచి అటే కొండ మీద అమ్మవారి దగ్గర పూజ చేయించుకుని ఇంటికి వచ్చాం. ఫైల్ బీరువాలో పెట్టేశాం.

టర్బో పోయాక తీసి చదివాను. మొదటి పేజీలోనే ఉంది, ఇది బీమా పాలసీ కాదు, సర్వీస్ ఒప్పందం మాత్రమే అని. వారంటీ ఇస్తున్నది మాకు కారు అమ్మినవాళ్లు కూడా కాదు, వేరే ఊళ్లో ఉన్న ఇంకో కంపెనీ. వీళ్లు మధ్యలో అమ్మిపెట్టినవాళ్లే. "మాదే పూచీ" అన్న మాటకు ఆ పద్నాలుగు పేజీల్లో ఎక్కడా చోటు లేదు. తర్వాత మూడు పేజీల నిండా ఏవేవి రావో రాశారు: క్లచ్, బ్రేకులు, బ్యాటరీ, టైర్లు, రబ్బరు గొట్టాలు, ఆయిల్, ఫిల్టర్లు, అరుగుదల వల్ల పోయేది ఏదైనా, కొనేనాటికే ఉన్న లోపం ఏదైనా, సర్వీసు సరిగ్గా చేయించకపోవడం వల్ల వచ్చింది ఏదైనా. టర్బో పేరు మాత్రం వచ్చేవాటి జాబితాలోనే ఉంది. అది చూసి ధైర్యంగానే క్లెయిమ్ ఫారం నింపాను.

బండిని వాళ్లతో ఒప్పందం ఉన్న గ్యారేజీకే తీసుకెళ్లాలన్నారు. కాజా నుంచి లాక్కొచ్చిన బండికి 4,000. విప్పి చూడటానికి 5,900 ముందే కట్టమన్నారు. క్లెయిమ్ పాసైతే వెనక్కి ఇస్తారట, లేకపోతే నాకే పడుతుందట. కట్టాను.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది, "సమస్యను మొదట ఎప్పుడు గమనించారు?" అని. నేను అబద్ధం రాయలేదు. "టెస్ట్ డ్రైవ్ రోజే సన్నగా ఈల శబ్దం వినిపించింది. మీ సేల్స్ వ్యక్తికి అప్పుడే చెప్పాం. వారంటీలో వస్తుందని ఆయన చెప్పాడు" అని రాశాను.

నిన్న కారు అమ్మినవాళ్లు ఆఫీసుకు రమ్మన్నారు. నాన్న కూడా వస్తానంటే తీసుకెళ్లాను. మేనేజర్ ముందున్న రెండు కుర్చీల్లో ఒకదాంట్లో ఆ సేల్స్ అబ్బాయి కూర్చున్నాడు, ఇంకోటి నాకు చూపించారు. నేను లేచి నాన్నను కూర్చోమంటే ఆయన వద్దన్నారు, గోడ పక్కన నిలబడ్డారు. మేనేజర్ నా ఫారం తీసి టేబుల్ మీద పెట్టాడు. "టెస్ట్ డ్రైవ్ రోజే సన్నగా ఈల శబ్దం వినిపించింది" అన్న వాక్యం కింద ఎర్ర గీత. పైకి చదివాడు, అంతవరకే. "మీరే రాశారు కదా సార్. కొనేనాటికే లోపం ఉంది. ముందు నుంచి ఉన్న లోపాలకు వారంటీ వర్తించదు" అన్నాడు.

నాన్న నెమ్మదిగా, "ఆ కింది ముక్క కూడా చదవండి బాబూ" అన్నారు.

మేనేజర్ నాన్న వైపు చూసి అన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "పెద్దాయనా, లోపం ఉందని తెలిసి కొనుక్కుని, ఇప్పుడు వచ్చి మా మీద పడితే ఎలా? ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి."

నేను ఆ అబ్బాయి వైపు తిరిగాను. "తమ్ముడూ, కారులో నువ్వే కదా చెప్పింది, టర్బో అందులోకే వస్తుందని? నీ పక్కనే కదా నేను డ్రైవ్ చేస్తున్నాను?" అన్నాను. తల ఎత్తలేదు. ఫోన్ చూసుకుంటూ, "నాకు గుర్తు లేదు సార్, రోజుకు పదిమంది వస్తారు" అన్నాడు. దసరా రోజు మాతో పాటు మా ఇంటి దాకా వచ్చి, మా అమ్మ పెట్టిన పులిహోర తిని వెళ్లిన అబ్బాయి. అప్పుడు అన్నా అనేవాడు.

దాంతో ఆగలేదు. రెండో కారణం ఉందని, క్లెయిమ్ తిరస్కరించిన లెటర్ తిప్పి చూపించారు. ఈ కారుకు 31 వేల కిలోమీటర్ల నుంచి 54 వేల వరకు సర్వీసు చేయించిన రికార్డు లేదట. ఆయిల్ మార్చకపోవడం వల్ల లోపల మడ్డి పేరుకుని, టర్బోకి ఆయిల్ అందక బేరింగ్ అరిగిపోయిందట. అంటే నిర్లక్ష్యం అట. మేం కొన్నదే 67 వేల దగ్గర! ఆ నిర్లక్ష్యం జరిగినప్పుడు ఆ కారు ఎవరిదో కూడా మాకు తెలియదు. ఆ రికార్డు వాళ్ల దగ్గరే ఉంది. దాన్ని చూసే కదా మాకు వారంటీ అమ్మారు? మాకు ఇచ్చిన నూట నలభై అంశాల తనిఖీ షీట్‌లో "ఇంజన్ ఆయిల్ స్థితి", "టర్బో" రెండిటికీ ఆకుపచ్చ టిక్ ఉంది, కింద వాళ్ల స్టాంపు ఉంది. అమ్మేటప్పుడు బాగున్న ఇంజన్, డబ్బు ఇవ్వాల్సి వచ్చేసరికి ఎప్పటి నుంచో పాడైపోయిన ఇంజన్ అయిపోయింది. ఆ షీట్ టేబుల్ మీద పెట్టి అడిగితే, "అది కంటితో చూసి చేసే తనిఖీ సార్" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న స్కూటర్ వెనక కూర్చుని ఏమీ మాట్లాడలేదు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు, "ఆ రోజు నేను గట్టిగా చెప్పాల్సింది రా" అన్నారు. తప్పు నాది, మాట పడింది ఆయన. డబ్బు కంటే నన్ను తినేస్తున్నది ఇదే.

కారును ఇవాళ ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి పంపాను. ఆయన టర్బో చేతిలో పట్టుకుని, లోపలి షాఫ్ట్‌ని వేలితో అటూ ఇటూ కదిపి చూపించాడు. అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర మాత్రమే. ఆయిల్ మడ్డిగా మారితే ముందు బేరింగ్ అరుగుతుంది, షాఫ్ట్ వదులవుతుంది, ఈల వస్తుంది. ఆ తర్వాత ఆయిల్ ఇంజన్‌లోకి లీకై నీలం పొగ. అంటే నాన్న విన్నది సరిగ్గా దీన్నే. "కొనేముందు తెచ్చి ఉంటే గాలి పైపు ఊడదీసి, వేలు పెట్టి చూసి పావుగంటలో చెప్పేవాణ్ని" అన్నాడు ఆయన. టర్బో లోపలి భాగం మార్చి, అడుగున ఆయిల్ ఉండే సంప్ విప్పి మడ్డి కడిగి, ఆయిల్, ఫిల్టర్లు వేయడానికి 41,300 అంచనా రాసిచ్చాడు. బండి లాగినందుకు, విప్పినందుకు అయినవి, వారంటీకి కట్టింది కలిపితే 70,670.

ఇప్పుడు కొనబోతున్నవాళ్లకు నాకు తోచింది చెప్తాను. ఎక్స్‌టెండెడ్ వారంటీలన్నీ మోసమని నేను అనడం లేదు. కారు తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వారంటీ ఇంకా మిగిలి ఉంటే చాలా కంపెనీల్లో అది రెండో ఓనరుకి మారుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు బండి నంబర్ ఇచ్చి అడగండి, అది ఉంటే మంచిదే. బయటి కంపెనీ వారంటీ అయితే, పూర్తి కాగితం టోకెన్ కట్టకముందే చేతికి ఇవ్వమనండి, ఇవ్వకపోతే అక్కడితో వదిలేయండి. అందులో ముందుగా "రానివి" అన్న పేజీలే చదవండి. పాత ఓనరు సర్వీసు చేయించని కాలాన్ని మీ మీద రుద్దరని రాసివ్వమనండి. సర్వీసు రికార్డు మొత్తం ముందే చూడండి, మధ్యలో గ్యాప్ ఉంటే ఆ వారంటీ మీకు ఎందుకూ పనికిరాదు. సేల్స్ వాళ్లు నోటితో చెప్పే ప్రతి మాటా వాట్సాప్‌లో రాయించుకోండి. నాకు లేనిది అదే. వారంటీ తీసుకున్నా తీసుకోకపోయినా మీ సొంత మెకానిక్ చేత చూపించకుండా మాత్రం కొనకండి. నన్ను ఇప్పుడు అడిగితే, ఆ 19,470లో ఓ రెండు వేలు మెకానిక్‌కి ఇచ్చి, మిగతాది రిపేర్లకని బ్యాంకులో పక్కన పెట్టుకోమంటాను.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, అవతలి కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. తిరస్కరించిన లెటర్, తనిఖీ షీట్, రసీదులు ఏవీ పారేయకండి. పాడైన పార్టును కూడా మెకానిక్ దగ్గర వదలకుండా తెచ్చి దాచుకోండి. మా టర్బో ఇప్పుడు గోనెసంచిలో చుట్టి మంచం కింద ఉంది.

సోమవారం నేను కమిషన్‌లో ఫిర్యాదు ఇస్తున్నాను. కారు అమ్మినవాళ్లనీ, వారంటీ కంపెనీనీ ఇద్దరినీ చేరుస్తున్నాను. తను విన్నదీ, తనకు చెప్పిందీ రాసి సంతకం చేస్తానని నాన్న అన్నారు. "కొనకముందు సర్వీసు లేదు" అన్న ఇదే కారణంతో మీలో ఎవరికైనా లెటర్ వచ్చి ఉంటే, దయచేసి ఆ లెటర్ కాపీతో సోమవారం లోపు నాకు చెప్పండి.