పాత కట్టడాలకు లేజర్ స్కానర్: కొన్నేళ్లు వాడాక నా అనుభవం

హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో మూలమట్టం పెడితే సరిగ్గా కూర్చునే గది నాకింతవరకు తగల్లేదు. నాలుగు వైపులా టేపు పట్టి కొలిచి, ఆఫీసుకొచ్చి గీస్తే నాలుగో గోడ వచ్చి మొదటి గోడను కలవదు. మూల నుంచి మూలకు అడ్డకొలతలు తీస్తే కొంత దారికొస్తుంది గానీ, పై అంతస్తు కిందిదాని మీద ఎంత పక్కకు జరిగి కూర్చుందో టేపు చెప్పదు. ఉన్న భవనాలకు ఉన్నది ఉన్నట్టు డ్రాయింగులు చేసివ్వడం మా చిన్న ఆఫీసు పని. దేవిడీలు (నవాబుల కాలం నాటి పెద్ద భవంతులు), సుల్తాన్‌బజార్ వైపు పాత షాపులు, అబిడ్స్‌లో ఆఫీసు భవనాలు, అప్పుడప్పుడు మామూలు ఫ్లాట్లు. టేపు, టోటల్ స్టేషన్ (కోణాలూ దూరాలూ కలిపి కొలిచే సర్వే పరికరం) దాటి ట్రైపాడ్ మీద పెట్టే లేజర్ స్కానర్‌కి మారి కొన్నేళ్లయింది. మొదట అద్దెకు తెచ్చేవాళ్లం, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మోడల్ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఈ తరగతి మిషన్లన్నిటికీ ఇంచుమించు ఒకటే.

పనిచేసే తీరు అర్థం చేసుకోవడం కష్టం కాదు. తల మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటే, లోపలి అద్దం గిర్రున తిరుగుతూ లేజర్‌ను పైకీ కిందికీ చల్లుతుంది. వెలుగు గోడను తాకి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి, కొన్ని మిషన్లలో తరంగంలో వచ్చిన తేడాను బట్టి, దూరం లెక్కగడుతుంది. ఒక్క నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోయే వెలుగుతో మిల్లీమీటర్ల తేడా పట్టుకోవాలి. అదీ సెకనుకు లక్షల చుక్కల చొప్పున. ఒకచోట కొన్ని నిమిషాలు నిలబెట్టి, తర్వాత ఇంకోచోటికి మార్చాలి. ఇవి ఎక్కువగా కంటికి ప్రమాదం లేని క్లాస్ 1 లేజర్లే. పిల్లలున్న ఇంట్లో ముందు ఆ మాట చెప్పాలి, లేదంటే వాళ్ల టెన్షన్‌లో మన పని సాగదు.

నాకు దీని విలువ బాగా తెలిసింది గోడల మందం దగ్గర. టేపు గదిని కొలుస్తుందే గానీ గోడను కొలవదు. తలుపు, కిటికీ ఉన్నచోట మందం దొరుకుతుంది, మిగతాదంతా మన ఊహే. స్కాన్‌లో ఇటు గదీ అటు గదీ ఒకే లెక్కలో కూర్చుంటాయి కాబట్టి మధ్యలో మిగిలిందే గోడ. శాలిబండ వైపు ఒక పాత ఇంట్లో పంపకాల కోసం అన్నదమ్ములు డ్రాయింగ్ అడిగారు. ఎవరి వాటా ఎన్ని గజాలన్నదే వాళ్ల పేచీ. కొలిచిన చుక్కలన్నీ కలిసి ఏర్పడే త్రీడీ బొమ్మను, అంటే పాయింట్ క్లౌడ్‌ను, నడుం ఎత్తులో కోసి ప్లాన్ చూస్తే, ఇల్లంతా రెండడుగులకు మించని గోడ ఒక్కచోట మాత్రం దాదాపు ఐదడుగులుంది. మళ్లీ వెళ్లి ఆ ఇంటి పెద్దావిడను అడిగాను. "గోడ గాదు బిడ్డా, మెట్లుండె ఆడ. మా అత్త ఉన్నప్పుడే మూసేసిన్రు" అంది. కొడుకులిద్దరికీ ఆ సంగతే తెలియదు. ఇప్పుడా జాగా ఎవరి వాటాలో వేయాలన్నది కొత్త పేచీ అయింది. అది మా స్కానర్ తీర్చేది కాదు.

తర్వాత చెప్పుకోవాల్సింది పైకప్పులు. ఇనుప దూలాల మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమానులు కట్టిన జాక్ ఆర్చ్ కప్పులు ఇక్కడి పాత ఇళ్లలో చాలా ఉన్నాయి. కింద నిలబడి చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. చుక్కలకు ఎత్తును బట్టి రంగులేసి చూస్తే అసలు బండారం బయటపడుతుంది. ఒక హాల్లో దూలాలన్నీ ఆకుపచ్చగా వచ్చి, ఒక్కటి నడిమధ్యన నారింజ రంగుకు తిరిగింది. పక్కవాటికంటే దాదాపు నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగింది. డాబా ఎక్కి చూస్తే సరిగ్గా దాని నెత్తిన నీళ్ల ట్యాంకు. స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఆ బొమ్మ ఒక్కటి పంపితే చాలు, రెండో ప్రశ్న అడగలేదు. టేపుతో, రసమట్టంతో కప్పు మొత్తం అలా చూడాలంటే పరంజా కట్టాలి. అంత ఓపిక ఎవరికుంది, ఓపికున్నా డబ్బులెవరిస్తారు?

అయితే ఇది చూసేది చర్మాన్నే. మాతో వచ్చే పెద్ద మేస్త్రి ఒకసారి స్కాన్ అవుతుండగా వేళ్ల కణుపులతో గోడ మీద కొట్టుకుంటూ పోయి, ఒకచోట ఆగి, "ఇగో సార్, ఇక్కడ బోలుగుంది. మీ మిషిన్‌ల ఇది వస్తదా?" అన్నాడు. రాదు. గచ్చు గోడను వదిలేసినా, ఉబ్బు తేలనంతవరకు లేజర్‌కు అది మంచి గోడే. 2019 మేలో చార్మినార్ ఒక మినార్ నుంచి గచ్చు ముక్క ఊడిపడింది గుర్తుందా? అలాంటి ప్రమాదాన్ని ముందే పసిగట్టాలంటే చేత్తో తట్టి చూడటమో, థర్మల్ కెమెరానో కావాలి. స్కాన్ ఉంటే ఊడిన నగిషీ ఏ కొలతల్లో ఉండేదో తర్వాత చూసుకోవచ్చు. ఆ మేలు చిన్నదేం కాదు.

ఇక ఖచ్చితత్వం. కంపెనీ కాగితంలో "పది మీటర్ల దగ్గర ఇన్ని మిల్లీమీటర్లు" అని ఉండేది ఒక్క స్కాన్ లెక్క. దేవిడీ అంటే పదుల స్కాన్లు, పెద్ద భవనమంటే వందలు. వాటన్నిటినీ ఒకదానికొకటి అతికించే రిజిస్ట్రేషన్‌లోనే అసలు కథంతా ఉంది. పొడుగాటి వరండాలో ఒకే రకం స్తంభాలు, ఒకే రకం కమానులు ఉంటే సాఫ్ట్‌వేర్ ఒక స్తంభాన్ని ఇంకో స్తంభం అనుకుని ధీమాగా అతికించేస్తుంది. అంతకంటే మోసం ఏమిటంటే, ప్రతి అతుకూ రెండు మూడు మిల్లీమీటర్లే అని రిపోర్టు చూపిస్తుంది. ఆ చిన్న తేడాలన్నీ ఒకే వైపు పేరుకుంటే వరండా ఆ చివరకు వెళ్లేసరికి భవనం అరటిపండులా వంగి ఉంటుంది. రిపోర్టులో పచ్చరంగు చూసి సంబరపడొద్దు. వెళ్లిన దారిన తిరిగి రాకుండా వేరే గదుల గుండా చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే రావాలి. పక్కపక్క స్కాన్లు మూడో వంతైనా ఒకే జాగాను చూడాలి. నలుపు తెలుపు గళ్ల టార్గెట్ కాగితాలు గోడలకు అంటించి, వాటిని టోటల్ స్టేషన్‌తో విడిగా కొలిచి పెట్టుకోవాలి. పాత సర్వేయర్లకు ఇదంతా కొత్త కాదు. స్కానర్ వచ్చాక టోటల్ స్టేషన్ అమ్మేద్దామనుకునేవాళ్లకు మాత్రం నా సలహా: అమ్మొద్దు.

అద్దాలు, గాజు, నున్నటి నల్ల గ్రానైటు దీనికి పడవు. నిలువెత్తు బెల్జియం అద్దమున్న హాలును స్కాన్ చేస్తే గోడ అవతల ఇంకో హాలు పుట్టింది, షాండ్లియర్‌తో సహా. దుప్పటి కప్పడమే మందు. ఎండాకాలం ఇంకో బాధ. చాలా మోడళ్లకు 40 డిగ్రీలే హద్దు, మన మే నెల దాన్ని సులువుగా దాటుతుంది. బయటి పని పొద్దున్నే ముగించుకోవాలి. బీరువాల వెనక, ఫాల్స్ సీలింగ్ పైన నల్లటి ఖాళీలే మిగులుతాయి.

చిరాకు పుట్టించేది ఇవేవీ కాదు, ఆ తర్వాతి మెట్టు. ఒక పనిలో మోడలింగ్ బయటివాళ్లకు ఇచ్చాం. వాళ్లు ప్రతి గోడనూ నిటారుగా, ప్రతి మూలనూ 90 డిగ్రీలుగా చేసి, అందమైన బిమ్ మోడల్ (భవనం వివరాలన్నీ ఉండే త్రీడీ మోడల్) పంపారు. అంత డబ్బు పెట్టి పట్టుకున్న వంకరలన్నీ మాయం. వాళ్లననీ లాభం లేదు, సాఫ్ట్‌వేర్‌లో నిటారు గోడ ఒక్క క్లిక్కు, వంగిన గోడ గంట పని. అమెరికాలో యూఎస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిల్డింగ్ డాక్యుమెంటేషన్ పెట్టిన స్థాయిలు ఇక్కడే పనికొస్తాయి. వాటిని ఎల్‌ఓఏ (లెవెల్ ఆఫ్ అక్యురసీ, ఖచ్చితత్వ స్థాయి) అంటారు. ఎల్‌ఓఏ 20 అంటే తేడా 15 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య, ఎల్‌ఓఏ 30 అంటే 5 నుంచి 15 మధ్య. ముఖ్యంగా, కొలిచిన ఖచ్చితత్వం వేరు, గీసిన ఖచ్చితత్వం వేరని అందులో విడగొట్టి రాశారు. ఇప్పుడు ఒప్పందంలో రెండూ రాయిస్తున్నాం. మూసీ వరదల తర్వాత, 1912-15 ప్రాంతంలో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన నగర మ్యాపుల పక్కన మా ప్లాన్లు పెట్టి చూడటం నాకో సరదా. అలా చూడాలన్నా వంకర వంకరలాగే ఉండాలి కదా.

మామూలు ఫ్లాట్ ఇంటీరియర్‌కు ఇంత హంగు అక్కర్లేదు. 2020లో ఐఫోన్ 12 ప్రోతో మొదలైన ఫోన్ లైడార్ (ఫోన్‌లోనే ఉండే చిన్న లేజర్ స్కానర్) ఐదు మీటర్ల దాకా చూస్తుంది. సోఫా ఎక్కడ పడుతుందో తేల్చుకోవడానికి అది చాలు, వంటింటి గట్టు రాయి కోయించడానికి చాలదు. అక్కడ లేజర్ టేపే నయం.

ఖర్చు విషయంలో మిషన్ ధర ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. ఫీల్డులో ఒక పూట పని ఆఫీసులో వారం తింటుంది. ఒక మాదిరి ఇంటికే పదుల జీబీల ఫైళ్లు, వాటిని కదిలించగల కంప్యూటరు, ఏటా కట్టే సాఫ్ట్‌వేర్ లైసెన్సు. లైసెన్సు అయిపోయిన రోజున కంపెనీ సొంత ఫార్మాట్‌లో ఉన్న పాత పనులు తెరుచుకోవు. అందుకే ప్రతి పనినీ 2011లో ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ప్రమాణంగా వచ్చిన, ఏ ఒక్క కంపెనీకీ చెందని ఈ57 ఫార్మాట్‌లో కూడా దాచుకోవాలి, క్లయింటుకూ ఒక కాపీ ఇవ్వాలి.

పాత కట్టడాలు, ఫ్యాక్టరీలు, ఆసుపత్రుల్లాంటి చిక్కు భవనాలు తరచూ చేసేవాళ్లు కొనొచ్చు. ఏడాదికి రెండు మూడు పనులుండేవాళ్లకు అద్దే మేలు. కొనేముందు డెమో షోరూంలో చూడకండి, మీ చేతిలో ఉన్న భవనానికే రప్పించండి. మెట్లు, పొడుగాటి వరండా, ఒక పెద్ద అద్దం ఉన్న చోటు చూపించి, రిజిస్ట్రేషన్ మీ ముందే చేయమనండి.