డిపార్ట్‌మెంటు సెమినార్ హాల్ మైకులు, ప్రొజెక్టర్: ఏళ్ల వాడకం తర్వాత

నూట ఇరవై కుర్చీల సెమినార్ హాలు. సామానంతా డిపార్ట్‌మెంటు సొంతం: మైకుల, ల్యాప్‌టాప్ శబ్దాలను కలిపే 12 చానెళ్ల అనలాగ్ మిక్సర్, లోపలే యాంప్లిఫయర్ ఉన్న రెండు 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు, పోడియం మైకు, రెండు కార్డ్‌లెస్‌లు, ఒక కాలర్ మైకు, 4,000 ల్యూమెన్ల (వెలుగు కొలత) ప్రొజెక్టర్, జూమ్ కోసం ఒక ల్యాప్‌టాప్. జాతీయ సదస్సులు, ఓపెన్ వైవాలు, పదవీ విరమణ సభలు అన్నీ దీనిమీదే నడుస్తున్నాయి. కొటేషన్ల దగ్గర అందరూ బేరమాడే ప్రొజెక్టర్, స్పీకర్ల వల్ల ఏ సభా ఆగలేదు. ఆపినవన్నీ వైర్లు, పిన్నులు, సెల్లులే.

ప్రొజెక్టర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 4,000 ల్యూమెన్లు చాలు, కానీ తెర ముందున్న ట్యూబ్‌లైట్లకు విడిగా స్విచ్ ఉండాలి. అది లేకపోతే ఎంత పెట్టి కొన్నా స్లైడు వెలవెలబోతుంది. ఫిల్టర్‌లో దుమ్ము దులపకపోతే ఎండాకాలంలో వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది.

పోడియం నుంచి ప్రొజెక్టర్‌కి 15 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ లాగాలి. మామూలు రాగి కేబుల్‌ని 10 మీటర్లు దాటాక నమ్మలేం: తెరమీద చుక్కలు మెరుస్తాయి, క్షణంపాటు నల్లబడి మళ్లీ వస్తుంది. సిగ్నల్‌ని కాంతిగా మోసే ఆప్టికల్ కేబుల్ వేశాక ఆ బాధ తీరింది. అయితే దీనికి దిశ ఉంటుంది. ‘సోర్స్’ అని రాసిన కొస ల్యాప్‌టాప్ వైపే ఉండాలి. పైపులో తిరగేసి లాగితే మొత్తం బయటికి తీయాల్సిందే. మూలల దగ్గర మడత పడితే లోపలి ఫైబర్ విరుగుతుంది.

తెలుగు స్లైడ్లది ఇంకో గొడవ. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు ఆ ఫాంటు లేని ల్యాప్‌టాప్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. గౌతమి, నిర్మల లాంటి యూనికోడ్ ఫాంట్లయితే చదవగలం కానీ మ్యాక్‌లో వరసలు జరిగిపోతాయి. వక్తల నుంచి ముందురోజే పీపీటీతో పాటు పీడీఎఫ్ కూడా తెప్పించుకోవాలి.

ఇక శబ్దం. ల్యాప్‌టాప్‌లో పాట పెడితే వాయిద్యాలు వినిపిస్తాయి, పాడే గొంతు మాత్రం ఉండదు. ప్రార్థనా గీతం దగ్గర ఇలా జరిగితే అందరూ ఫైలు పాడైందనుకుంటారు. పాడైంది ఫైలు కాదు, పెట్టిన పిన్ను తప్పు. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వచ్చే స్టీరియో పిన్నుని మిక్సర్ మోనో బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో (రెండు తీగల్లో వచ్చే సిగ్నళ్ల తేడాని మాత్రమే తీసుకునేది) గుచ్చితే, అది ఎడమ చానెల్ శబ్దంలోంచి కుడి చానెల్ శబ్దాన్ని తీసివేస్తుంది. రెండింట్లోనూ సమానంగా ఉండే గొంతు మాయమవుతుంది. ఒకవైపు 3.5 మి.మీ. స్టీరియో, రెండోవైపు రెండు 6.35 మి.మీ. మోనో పిన్నులున్న వైరు కొని స్టీరియో చానెల్‌లో పెడితే సరిపోతుంది.

ఛార్జర్ గుచ్చగానే స్పీకర్లు గుయ్‌మంటే ఛార్జర్ తీసి చూడండి. ఆగితే గ్రౌండ్ లూప్, అంటే రెండు ఎర్త్ దారుల మధ్య కరెంటు తిరగడం. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య విద్యుత్ సంబంధాన్ని విడదీసే చిన్న పెట్టె) పెట్టాలి. కొందరు ఎర్త్ పిన్ను విరిచేస్తారు. ఆ పని మాత్రం చెయ్యొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

కార్డ్‌లెస్ రిసీవర్‌ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తే మాట తెగుతుంది. మైకుకి ఎదురుగా, మనిషి తలకంటే ఎత్తులో పెట్టాలి. 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో పనిచేసే పాత సెట్లు ఇప్పుడు కొనొద్దు. 2022 స్పెక్ట్రమ్ వేలం తర్వాత ఆ బ్యాండు 5జీకి వెళ్లింది. మైకు జాలీని పిడికిట్లో మూసి పట్టుకునే వక్త ఉంటే కీచుమనడం ఖాయం. ఆయనకి పోడియం మైకే ఇవ్వండి.

ఈ సెట్టులో నేను ఎక్కువ మార్కులు వేసేది మిక్సర్‌లోని ఆక్స్ నాబుకి, అంటే ఒక్కో చానెల్ శబ్దం ఆక్స్ అవుట్ అనే విడి దారికి ఎంత వెళ్లాలో సర్దే నాబుకి. ఆన్‌లైన్ వక్తకి తన గొంతే తిరిగి వినిపిస్తోందంటే జూమ్‌ని తిట్టి లాభం లేదు. చిన్న యూఎస్‌బీ మిక్సర్లు చాలావరకు మెయిన్ మిక్స్‌నే ల్యాప్‌టాప్‌కి పంపుతాయి. అందులో ఆయన గొంతు కూడా ఉంటుంది మరి. అందుకే ఆక్స్ అవుట్ నుంచి విడి యూఎస్‌బీ సౌండ్ కార్డుకి వైరు లాగి, ఆ కార్డు అవుట్‌పుట్‌ని 9-10 స్టీరియో చానెల్‌కి తేవాలి. మైకు చానెళ్లన్నిటిమీదా ఆక్స్ సగానికి తెరిచి, 9-10 మీద సున్నాలో ఉంచాలి. ఆక్స్ ప్రీ-ఫేడర్ అయి ఉండాలి, అంటే చానెల్ వాల్యూమ్ సర్దే ఫేడర్‌కి ముందే శబ్దాన్ని తీసుకోవాలి. పోస్ట్ అయితే హాల్లో కీచు తగ్గించడానికి ఫేడర్ దించినప్పుడల్లా ఆన్‌లైన్ వాళ్లకీ మాట తగ్గిపోతుంది. జూమ్‌లో మైకు వాల్యూమ్ దానంతటదే సర్దుకునే టిక్కు తీసేసి, మైకు, స్పీకర్ రెండుచోట్లా ‘సిస్టమ్‌దే’ అని వదలకుండా సౌండ్ కార్డు పేరు ఎంచుకోండి. లేకపోతే వైరు ఒక్కసారి కదిలినా ల్యాప్‌టాప్ సొంత మైకుకి మారిపోతుంది. హాలంతా డొల్లగా వినిపిస్తోందని ఆన్‌లైన్ వాళ్లు చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా ప్రొజెక్టర్, మిక్సర్, ల్యాప్‌టాప్, వైఫై రూటర్ 1 కేవీఏ యూపీఎస్ మీద నిలబడతాయి. స్పీకర్లను దానికి కలపలేదు. ఆ కాసేపూ హాల్లో మైకు వినపడదు కానీ జూమ్ తెగదు. అంతస్తు చివర ఉండే నెట్‌వర్క్ స్విచ్‌కి కూడా బ్యాకప్ ఉందో లేదో చూసుకోవాలి, ఎక్కువసార్లు మరిచిపోయేది అదే.

ఆరుబయట సన్మాన సభలకి ఈ స్పీకర్లు ఆనవు, బయటి మైక్‌సెట్ వాళ్లని పిలవాల్సిందే. వేదికమీద ఎన్ని మైకులు, పాట ఏ ల్యాప్‌టాప్ నుంచి, రికార్డింగుకి లైన్ అవుట్ (రికార్డర్‌కి నేరుగా శబ్దం ఇచ్చే వైరు) కావాలా అన్నవి కాగితం మీద రాసి ఇస్తే వాళ్లు తగిన వైర్లు తెచ్చుకుంటారు. ఫోన్లో చెబితే మాత్రం రెండు మైకులే వస్తాయి.