ఓటీజీ పై రాడ్డు: రొయ్యలకు బ్రహ్మాండం, కోడికాలికి కష్టం

30 లీటర్ల ఓటీజీ (పైనా కిందా రాడ్లుండే కరెంటు ఓవెన్) కొన్నవాళ్లు కేకులతో సరిపెట్టుకుని, పై రాడ్డు ఒక్కటే వెలిగే సెట్టింగును ముట్టుకోరు. రొయ్యలకు కొదవలేని నెల్లూరులో ఇది నష్టమే.

పొట్టు, నల్లనరం తీసిన అరకిలో వనామీ రొయ్యల్ని గుడ్డతో తడి లేకుండా ఒత్తి ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం, రెండు చెంచాల నూనె పట్టించాలి. పెరుగు వద్దు. నీళ్లూరి రొయ్య కాలదు, ఉడుకుతుంది.

నాబ్ 250 డిగ్రీల మీద పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. తక్కువలో పెడితే థర్మోస్టాట్ మాటిమాటికీ రాడ్డును ఆర్పేస్తుంది; నల్లబడ్డ రాడ్డు కింద ఎంతసేపు పెట్టినా కాలిన మచ్చలు రావు. ఊచల స్టాండు పై గాడిలో ఉండాలి, రొయ్యకూ రాడ్డుకూ మధ్య మూడు వేళ్ల ఎడం. ఒకవైపు 4 నిమిషాలు, తిప్పి 3. ఉంగరంలా చుట్టుకుపోయిందంటే ఇక రబ్బరే.

కింది ట్రేలో అరగ్లాసు నీళ్లు పోస్తే కారిన నూనె పొగ పెట్టదు. బటర్ పేపరు అంటుకుంటుంది, గాజు గిన్నె పగలొచ్చు. రెండూ దూరంగా ఉంచండి.

అంగుళం లోపు పండుగప్ప చేప ముక్కలూ బాగానే కాలతాయి. కోడికాలు మాత్రం పైన మాడి ఎముక దగ్గర పచ్చిగా మిగులుతుంది. ముందు రెండు రాడ్లతో 200 డిగ్రీల్లో అరగంట, చివర్లో పై రాడ్డుతో 5 నిమిషాలు.

వెనకవైపు వేడి ఎక్కువ, సగంలో స్టాండు తిప్పక తప్పదు. 16 ఆంపియర్ల సాకెట్‌ ఉండాలి. బొగ్గుల వాసన? అది ఆశించకండి.