ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడి చూశా, మ్యాప్ ఓకే గానీ జీపీఎస్‌ని గుడ్డిగా నమ్మకండి

2004లో స్టీవ్ కోస్ట్ మొదలెట్టిన ఈ మ్యాప్‌ని ఎవరైనా ఎడిట్ చేయొచ్చు, పైసా కట్టక్కర్లేదు, అకౌంట్ ఉంటే చాలు. నేను స్ట్రీట్‌కంప్లీట్ యాప్‌తో దిగా, నడుస్తుంటే ఈ రోడ్డు తారుదా మట్టిదా, ఇక్కడ లైట్లున్నాయా అని అడుగుతుంది, మనం నొక్కడమే, అలవాటైతే వదల్లేం.

అసలు తలనొప్పంతా జీపీఎస్‌తోనే. ఓ ఇరుకు సందులో నడిచిన దారిని ఫోన్‌లో రికార్డ్ చేసి ఇంటికొచ్చి చూస్తే నేనేదో గోడల్లోంచి దూరి మేడల మీద నడిచినట్టు గీత! ఆరుబయట అయితే ఫోన్ ఓ 5 మీటర్ల తేడాలో చూపిస్తుంది, అదే ఎత్తు బిల్డింగుల మధ్యయితే శాటిలైట్ల నుంచి వచ్చే సిగ్నల్ గోడలకి తగిలి చుట్టు తిరిగి లేటుగా వస్తుంది, ఫోనేమో నేరుగానే వచ్చిందనుకుని దూరం ఎక్కువ లెక్కేస్తుంది. పైగా 20,200 కిలోమీటర్ల పైనుంచి వచ్చేది కదా, నీరసంగానే ఉంటుంది మరి. అదే సందులో నాలుగుసార్లు తిరిగా, నాలుగు గీతలూ నాలుగు దార్లు (కుక్కలు కూడా అనుమానంగా చూశాయి). చివరికి వాటి మధ్యలోంచి గీసి, శాటిలైట్ ఫోటోతో సరిచూసి అప్‌లోడ్ చేశా, ఆ ఫోటో కూడా ఒక్కోసారి పక్కకి జరిగి ఉంటుంది, చూస్కోండి.

మ్యాప్‌కి 5 స్టార్లు, జీపీఎస్‌కి ఆరుబయట 4, సందుల్లో 2.